రాజుగారి ప్రాణం కోసం వెళ్ళిన వంటవాడు

మణికుంతల రాజధానికి ఏడు ప్రాకారాలు. ప్రతి ప్రాకారానికీ అంబారీతో ఏనుగు దూరిపోయేంత ద్వారం, ద్వారం మీద నెమళ్ళు పురివిప్పి ఆడే బురుజులు. ఏడో ప్రాకారం లోపల, చంద్రకాంత శిలల భోజనశాలలో, ముత్యాల చాందినీ కింద, బంగారు పీట మీద కూర్చుని, నూట ఎనిమిది బిరుదులు గల రిపుమర్దన మహారాజు పనసపొట్టు కూర మూడోసారి వడ్డించుకున్నాడు. దాని పని పట్టి, పెరుగన్నం కలుపుకుంటూ, "ఏమిట్రా?" అన్నాడు. ఎవరితో అన్నాడో ఎవరికీ తెలియదు. అలాగే ముందుకు ఒరిగి, పెరుగన్నంలో ముఖం పెట్టి ప్రాణం విడిచాడు.

అంతఃపురం ఘొల్లుమంది. ఏడ్చినంతసేపు ఏడ్చి, అందరూ వంటవాడి కోసం వెతకడం మొదలుపెట్టారు.

వంటవాడి పేరు గంగులు. ముప్పై ఏళ్ళవాడు. కాస్త పొట్ట, బోలెడంత నోరు. ఆ వేళకు వంటశాల వెనక గుమ్మంలో కూర్చుని వీధికుక్కలకు ఎముకలు పంచుతున్నాడు. సేనాపతి ప్రచండసేనుడు నలభై మంది భటులతో చుట్టుముట్టి, గరిటె తప్ప ఆయుధం లేని ఆ మనిషిని వీరోచితంగా బంధించాడు.

ఆస్థాన మాంత్రికుడు ధూమకంఠుడు విస్తరి వాసన చూశాడు. అతను తాటిచెట్టంత పొడుగు. నోట్లో ఎప్పుడూ ఏదో మూలిక రగులుతూనే ఉండేది. మాట్లాడితే ముక్కులోంచి నీలం పొగ వచ్చేది.

"విషం" అన్నాడు పొగ వదులుతూ.

"ఆ కూర నేనూ తిన్నానండీ!" అని మొత్తుకున్నాడు గంగులు.

"చూశారా! అంటే విరుగుడు కూడా వీడి దగ్గర ఉందన్నమాట."

మణికుంతలంలో ఒక పాత ఆచారం ఉంది. రాజు చనిపోతే శరీరాన్ని నూనె తొట్టెలో ఉంచి, మూడో రోజు సూర్యాస్తమయానికి చితి పేరుస్తారు. రాజును చంపినవాణ్ణి అంతకు ముందే కొరత వేస్తారు. పరలోకంలో వాడు రాజుకు ఊడిగం చెయ్యాలి.

"విషం పెట్టానని చెప్పి, మళ్ళీ నన్నే ఆయనకు వంట చెయ్యడానికి పంపిస్తారా?" అని అడిగాడు గంగులు. న్యాయాధికారి కొంచెంసేపు ఆలోచించి, ఆచారం ఆచారమేనన్నాడు.

మహారాణి మదయంతి ఒక్కతే ఈ మాటలేవీ పట్టించుకోలేదు. మూడు రోజులూ నూనె తొట్టె దగ్గరే కూర్చుంది. రాజు పెదవుల ఎరుపు తగ్గలేదు. గోళ్ళు నల్లబడలేదు. మూడో రోజు ఉదయం ఆమె ఎవరికీ చెప్పకుండా పల్లకీ పంపి, ఈటికొండ నుంచి జాకెమ్మను రప్పించింది.

జాకెమ్మ కొండజనం పూజారిణి. వాళ్ళలో ఎవరి ప్రాణమైనా దారి తప్పితే వెనక్కి పిలిచేది ఆమే. ముడతలు పడ్డ చిన్న ముఖం, చేతుల నిండా పచ్చబొట్లు, వీపున తనకంటే పెద్ద డోలు. సభలో ఎవరికీ దండం పెట్టకుండా సరాసరి తొట్టె దగ్గరకు వెళ్ళి, రాజుగారి బొడ్డు మీద చెవి పెట్టింది. సభ అంతా కళ్ళు మూసుకుంది.

"ఈడు సచ్చిపోనేదమ్మా. ఈడు ఎల్లిపోనాడు. రెండిటికీ శానా తేడా ఉంది."

"ఎక్కడికి వెళ్ళాడు?" అంది రాణి.

"అందరూ ఎల్లే సోటికే. ముందు బూడిదేరు, తర్వాత అవ్వ వాకిలి, ఆ తర్వాత ఎంటుక వంతెన. వంతెన దాటితే నా డోలు ఇనపడదు. దాటనని మొండికేసినోడు మూడో పొద్దు గుంకేదాకా ఆగొచ్చు. ఈలోపు ఎవుడన్నా ఎల్లి మాటాడొచ్చు. నాను డోలు కొడతాను. ఆ దెబ్బ ఇనపడినంతసేపూ ఎల్లినోడు తిరిగొస్తాడు."

"ఇవన్నీ కొండవాళ్ళ పిచ్చి కబుర్లు" అన్నాడు ధూమకంఠుడు. పొగ మామూలుకంటే ఎక్కువ వచ్చింది.

"పిచ్చి కబుర్లైతే భయమెందుకు? ఎవరు వెళ్తారు?" అని రాణి సభను చూసింది.

సేనాపతికి సరిగ్గా అప్పుడే మోకాలు పట్టేసింది. మహామంత్రికి మనవరాలి అన్నప్రాశన గుర్తొచ్చింది. పండితులు, సశరీరంగా వెళ్ళడమా, శరీరం వదిలి వెళ్ళడమా అన్న విషయం ముందు తేలాలన్నారు. అప్పుడు గొలుసుల చప్పుడు వినిపించింది.

"అమ్మగారూ, నేను సాయంత్రం ఎలాగూ అక్కడికి వెళ్ళేవాణ్ణే" అన్నాడు గంగులు. "మధ్యాహ్నమే వెళ్ళి దారి చూసొస్తాను. రాజుగారినే అడుగుతాను. నా కూర వల్లే పోయానని ఆయన అంటే, తిరిగొచ్చి కొరత నేనే ఎక్కుతాను."

రాణి అతని కళ్ళలోకి చూసింది. అందులో భయం కనబడింది, అబద్ధం కనబడలేదు. గొలుసులు తీయించింది.

ఉత్తరపు బురుజు మీది గదిలో చాప పరిచారు. గుప్పిట్లో పట్టుకున్నది ప్రాణంతోపాటు వస్తుందని జాకెమ్మ చెప్పింది. సేనాపతి దానంగా ఒక బాకు ఇవ్వబోయాడు. గంగులు వద్దని, వంటశాల నుంచి ఇంత ఉప్పు, ఆవాలు, ఎండుమిరపకాయలు, చింతపండు, ఇంగువ ముక్క తెప్పించి చిన్న మూట కట్టి గుప్పిట్లో పట్టుకున్నాడు.

"అక్కడేం దొరుకుతుందో ఏమిటో" అని పడుకున్నాడు.

జాకెమ్మ ఏదో ఆకు పసరు నోట్లో పిండి, డోలు అందుకుంది. ఢమ్. ఢమ్. ఢమ్. పదో దెబ్బకు గంగులు తన ఎడమకాలి బొటనవేలిలోంచి, బిగుతు చొక్కా విప్పుకున్నంత సుఖంగా బయటికి వచ్చేశాడు. వెనక్కి తిరిగి చూసుకున్నాడు. చాప మీద తన శరీరం నోరు తెరుచుకుని, ఒక పక్కకు చొంగ కారుస్తూ పడి ఉంది. 'ఇన్నాళ్ళూ ఈ ముఖంతోనా తిరిగాను!' అనుకున్నాడు. అంతలో బురుజు గోడ పొగమంచులా విడిపోయింది.

ఆ లోకంలో సూర్యుడు లేడు. ఆకాశం పసుపునీళ్ళలా ఉంది. కొండలు తలకిందులుగా వేలాడుతున్నాయి; వాటి శిఖరాల నుంచి వెండి జలపాతాలు చప్పుడు లేకుండా జారుతున్నాయి. చెట్లకు వేళ్ళు పైన, పువ్వులు మట్టిలో. గడ్డి మీద నడుస్తుంటే ప్రతి పరకా సన్నగా ఆవులిస్తోంది. దారంతా చనిపోయినవాళ్ళ బారు. తమతో పాటు పాతిపెట్టినవన్నీ మోసుకుంటూ వెళ్తున్నారు. ఒక మల్లుడు రెండు గదలూ, వీపున ఇనుప డాలూ మోస్తూ వగరుస్తున్నాడు. ఒక ముసలామె మాత్రం తమలపాకుల సంచి ఒక్కటే ఊపుకుంటూ అందరినీ దాటేసింది.

గంగులుకు డోలు దెబ్బ అరికాళ్ళలో తెలుస్తోంది. దాన్ని వదలకుండా పరుగెత్తాడు.

బారు ఒక ఏటి ఒడ్డున ఆగింది. ఏటిలో నీళ్ళు లేవు. వేడి బూడిద సుళ్ళు తిరుగుతూ ప్రవహిస్తోంది. పడవ లేదు, వంతెన లేదు. అవతలి ఒడ్డున కుక్కలు. వందలకొద్దీ కుక్కలు. ఒక్కొక్కటీ ఈదుకుంటూ వచ్చి, తనకు తెలిసిన మనిషిని వాసన పట్టి, వీపు మీద ఎక్కించుకుని తీసుకుపోతోంది.

ఒడ్డున పట్టుపంచె కట్టుకున్న పెద్దమనిషి ఒకడు దిగాలుగా కూర్చున్నాడు. "నాయనా, నేను రత్నాల వర్తకుణ్ణి. మూడేళ్ళుగా ఇక్కడే ఉన్నాను. ఒక్క కుక్కా నా దగ్గరికి రాదేం?"

"బతికుండగా వాటినేం చేసేవారు బాబూ?"

"గుమ్మంలోకి వస్తే రాళ్ళు వేయించేవాణ్ణి."

గంగులు ఏటి వైపు తిరిగాడు. నాలుక మడిచి ఒక ఈల వేశాడు. రోజూ వంటశాల వెనక గుమ్మంలో వేసే ఈలే అది.

అవతలి ఒడ్డు ఒక్కసారిగా లేచి నిలబడింది. ఇరవై ముప్పై కుక్కలు మొరుగుతూ, ఒకదాన్నొకటి తొక్కుకుంటూ బూడిదలోకి దూకాయి. అన్నిటికంటే ముందు ఒంటిచెవి కుక్క. దాని పేరు మొండిచెవి. పోయిన వానాకాలం గంగులు ఒళ్ళోనే చచ్చిపోయింది. అది వచ్చి అతన్ని వెల్లకిలా పడేసి ముఖమంతా నాకింది. గంగులు దాని మెడ కౌగిలించుకుని, ఇక్కడికి ఎందుకు వచ్చాడో కూడా మరిచిపోయి ఏడ్చాడు.

"సరే, సరే, ముక్కు వదలవే" అని లేచి, వర్తకుడి వైపు తిరిగాడు. "బాబూ, కింద కూర్చోండి. చెయ్యి చాపండి. అలాక్కాదు, అరచెయ్యి పైకి."

వర్తకుడు చెయ్యి చాపాడు. ఒక గోధుమరంగు కుక్క చాలాసేపు వాసన చూసింది. తుమ్మింది. తర్వాత విసుగ్గా వీపు చూపించింది. మూడేళ్ళకు ఆ పెద్దమనిషి ఏరు దాటాడు.

ఏటి అవతల రాతి వాకిలి. ఆ వాకిలికి అడ్డంగా, చిన్న గుట్టంత అవ్వ కూర్చుని ఉంది. ఆమె కింది దవడ నేలను తాకుతోంది. వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే చేతులు చాపుతున్నారు. అవ్వ వాళ్ళ పచ్చబొట్లను నాలుకతో తీసుకుని, నమిలి మింగి, లోపలికి వదులుతోంది. పచ్చబొట్టు లేనివాళ్ళ కంటిపాపలు తింటుంది. ఆ తర్వాత వాళ్ళకు తమవాళ్ళ ముఖాలు ఎన్నటికీ గుర్తు రావు.

గంగులు ముందుకు వచ్చాడు. అతని ఒంటి మీద ఒక్క పచ్చబొట్టు లేదు. నూనె చిందిన మచ్చలు మాత్రం మోచేతుల దాకా ఉన్నాయి.

అవ్వ ఒక మచ్చ నాకి చూసింది. "ఇదేం బొమ్మరా?"

"గారెలు వేస్తుంటే పడిందమ్మా."

"రుచిగా ఉంది గానీ చాలదు. కళ్ళు తెరువు."

"తెరుస్తాను. ముందొక మాట చెప్పవ్వా. ఈ పచ్చబొట్లు ఎన్నాళ్ళ నుంచి తింటున్నావు?"

అవ్వ ఆగింది. ఆ ప్రశ్న ఆమెను ఎవరూ అడిగినట్టు లేదు. "కొండలు సరిగ్గా నిలబడి ఉన్నప్పటి నుంచి" అంది. "ఒకటే చేదు. తేళ్ళూ, చిలకలూ, మొగుళ్ళ పేర్లూ. ఏది తిన్నా ఒకటే చేదు."

"మరి అవేమిటి?" అని ఆమె వెనక్కి చూపించాడు గంగులు. అక్కడ తెల్లటి గుట్టలు. లోకంలో బతికున్నవాళ్ళు తమ చనిపోయినవాళ్ళకు పెట్టిన అన్నం ముద్దలు. పక్కనే వాళ్ళు వెలిగించిన నూనె దీపాలు వేలకు వేలు.

"ఉప్పూ లేదు, కారం లేదు. వీళ్ళూ తినరు, నేనూ తినను. ఏడుస్తూ పెడతారు, రుచి చూసి పెట్టరు."

గంగులు నడుముకు పంచె బిగించాడు. మల్లుణ్ణి పిలిచి, అతను మోసుకొచ్చిన ఇనుప డాలును వెల్లకిలా తిప్పించి మూడు రాళ్ళ మీద పెట్టించాడు. మిగతా దీపాలు కొన్ని దాని కింద చేర్చి, వంద దీపాల నూనె అందులో ఒంపాడు. ఆవాలు చిటపటమన్నాయి. మిరపకాయలు ఎర్రబడ్డాయి. ఇంగువ ముక్క నలిపి వేశాడో లేదో, బారులో ఉన్నవాళ్ళంతా ఒక్కసారిగా తుమ్మారు. చింతపండు పులుసు పోసి, ముద్దలు చిదిపి కలిపి, ఉప్పు చల్లి, ఒక దోసెడు పులిహోర అవ్వ నాలుక మీద పెట్టాడు.

అవ్వ నోరు మూసింది. నేలను తాకే దవడ పైకి లేవడం ఆ లోకం మొదటిసారి చూసింది. ఆమె కళ్ళలోంచి నీళ్ళు కారి, రెండు చిన్న వాగులై పారాయి.

"కారం ఎక్కువైందా?" అన్నాడు గంగులు కంగారుగా.

"నోరు మూసుకుని ఇంకొంచెం పెట్టు" అంది అవ్వ.

తర్వాత బారంతా కూర్చుంది. డాలు ఖాళీ అయ్యేసరికి గంగులు చేతులు తుడుచుకుని అసలు విషయం అడిగాడు. అవ్వ త్రేన్చి చెప్పింది: "మీ రాజు నా వాకిలిలోంచి రాలేదురా. మూడు రోజుల కింద నీలం పొగలో కొట్టుకొచ్చి, పైనుంచి వంతెన దగ్గర పడ్డాడు. అప్పట్నుంచి ఒకటే అరుపు. వాణ్ణి తీసుకుపోతే నీకు పుణ్యముంటుంది. లోపలికొచ్చినవాణ్ణి బయటికి వదిలే ఆచారం లేదు. కానీ ఇంత తిన్నాక నాకు నిద్ర పట్టకుండా ఉంటుందా?"

వెంట్రుక వంతెన ఒక అగాధం మీద మెరుస్తోంది. అవతల ఏముందో కనబడదు. దూరంగా పచ్చని వెలుగు, ఎవరో నవ్వుతున్నట్టు సవ్వడి. ఇవతల, దారికి సరిగ్గా మధ్యలో, నడుం మీద చేతులు పెట్టుకుని రిపుమర్దన మహారాజు నిలబడి ఉన్నాడు. గడ్డానికి పెరుగు మెతుకులు అంటుకునే ఉన్నాయి.

"వచ్చావా!" అని గర్జించాడు. "మూడు రోజులైంది! పల్లకీ లేదు, ఛత్రం లేదు, బిరుదులు చదివేవాడు లేడు! బిరుదులు చదవందే నేను అడుగు వెయ్యను! ఇందాక ఒక చాకలిది నన్ను 'తప్పుకోవయ్యా' అని దాటి వెళ్ళింది!"

"ప్రభూ, తమరు అడుగు వెయ్యకపోవడమే మంచిదైంది. ఒక్క మాట చెప్పండి. నా కూర వల్లేనా తమరు పోయింది?"

"ఏడిశావు. కూర అద్భుతం. పెరుగన్నం కలుపుకుంటుంటే వెనకనుంచి ఎవరో నన్ను పేరు పెట్టి పిలిచారు. ఒకసారి కాదు, మూడుసార్లు. నన్ను పేరు పెట్టి పిలిచే మొనగాడెవడా అని, 'ఏమిట్రా?' అన్నాను. అంతే. ముక్కులోకి పొగ వెళ్ళింది, ఇక్కడ పడ్డాను."

నీలం పొగ! అవ్వ చెప్పింది కూడా అదేనని గంగులుకు తట్టింది. అంత పొగ వదిలేవాడు రాజ్యంలో ఒక్కడే. "అది ధూమకంఠుడు ప్రభూ! తమరి ప్రాణాన్ని బయటికి లాగాడు. కానీ ఎందుకు?"

జవాబు వెనకనుంచి వచ్చింది. ఎవరో ముసలాయన పరుగెత్తుకు వస్తున్నాడు. తలపాగా ఊడి మెడకు చుట్టుకుంది. అతను అంతఃపురపు కంచుకి వినయదత్తుడు. నలభై ఏళ్ళుగా సభలో రాజుగారి బిరుదులు చదివేది ఆయనే.

"నేను ఇప్పుడే చచ్చిపోయాను!" అన్నాడు ఆయాసపడుతూ. "తొట్టెలో రాజుగారు లేచి కూర్చున్నారు! అది చూసి పట్టుకున్న నా గుండె, బురుజు మెట్ల దగ్గర ఆగిపోయింది!"

"నేను ఇక్కడుంటే అక్కడ లేచిందెవడు?" అని అరిచాడు రాజు.

వినయదత్తుడు రాజును చూసి, రెండోసారి చచ్చినంత పని చేశాడు. తేరుకుని, గబగబా చెప్పాడు. రాణిగారు తొట్టె వదిలి బురుజు ఎక్కాక చూస్తే, ధూమకంఠుడి శరీరం తొట్టె పక్కన కొయ్యలా పడి ఉంది. రాజు శరీరం మాత్రం నూనె కారుతూ లేచి, ముక్కులోంచి పొగ వదులుతూ, వంటవాడే విషం పెట్టాడని చెప్పింది. వాడి శరీరాన్ని తగలబెట్టండి, ఆ ముసలిదాని డోలు చీల్చండి అని ఆజ్ఞ ఇచ్చింది. సేనాపతి మోకాలు వెంటనే బాగుపడింది. ఇప్పుడు గొడ్డలి పట్టుకుని బురుజు మెట్లు ఎక్కుతున్నాడు. రాణిగారు లోపలినుంచి గడియ వేసుకుని, కత్తి దూసి నిలబడ్డారు.

"నా సింహాసనం! నా శరీరం! నా భోజనశాల!" రాజు ముఖం ఎర్రబడింది. "వినయదత్తా, ముందు బిరుదులు చదువు! తర్వాత వాడి సంగతి చూస్తాను!"

వినయదత్తుడు నోరు తెరిచాడు. మూసేశాడు. వంతెన వైపు చూశాడు.

"వద్దు మహాప్రభూ" అన్నాడు నెమ్మదిగా. "నలభై ఏళ్ళు అరిచాను. ఇంటికెళ్ళాక నా భార్యతో మాట్లాడదామంటే గొంతు ఉండేది కాదు. ఆమె పోయి ఆరేళ్ళయింది. అవతల ఉంటుంది." తలపాగా తీసి రాజు పాదాల దగ్గర పెట్టి, ఆ వెంట్రుక మీద కాలు పెట్టాడు. వెంట్రుక ఊగనైనా లేదు. ముసలాయన వెనక్కి తిరిగి చూడకుండా, పచ్చని వెలుగులోకి నడిచి వెళ్ళిపోయాడు.

రాజు వంగి ఆ తలపాగాను దారిలోంచి తీసి పక్కన పెట్టాడు. పుట్టి బుద్ధెరిగాక అతను తన చేత్తో ఒకరి వస్తువు సర్దడం అదే మొదలు.

"పద" అన్నాడు చివరికి, మామూలు మనిషి గొంతుతో.

అవ్వ గుర్రు పెడుతోంది. వాళ్ళు పక్కనుంచి జారుకుంటుంటే ఒక కన్ను తెరిచి, "ఈసారి నిమ్మకాయ తీసుకురా" అని మళ్ళీ మూసుకుంది.

బూడిదేటి దగ్గర చిక్కొచ్చింది. మొండిచెవి గంగులును ఎక్కించుకుంది గానీ, రాజును చూసి పళ్ళు బయటపెట్టింది. మిగతా కుక్కలన్నీ చుట్టూ చేరి గుర్రుమన్నాయి.

"ప్రభూ, ఊళ్ళో కుక్కల్ని తరిమించమని తమరు ఆజ్ఞ వేశారు, గుర్తుందా?"

"రాత్రి మొరిగి నా నిద్ర పాడుచేశాయి!"

"వాటికి గుర్తుంది. తమరు మన్నించమని అడగాలి."

"ఎవర్ని?"

"దాన్నే" అని గంగులు చూపించాడు. గజ్జి పట్టి వెంట్రుకలూడిన ఒక బక్కకుక్క, ఒక్కటే దూరంగా కూర్చుని ఒళ్ళు గోక్కుంటోంది.

సరిగ్గా అప్పుడు డోలు ఆగిపోయింది. అరికాళ్ళ కింద అంతసేపూ కొట్టుకున్న గుండె ఆగినట్టైంది. ఆకాశం పసుపు వన్నె తగ్గి బూడిద రంగుకు తిరిగింది. దారి ఎటో తెలియలేదు.  గంగులు ఒక్కడే కుక్క మీద ఉన్నాడు. ఒక్క ఈల వేస్తే అది పరుగెత్తేది. కానీ వెయ్యలేదు.

"ప్రభూ!" అని మాత్రం అన్నాడు.

నూట ఎనిమిది బిరుదుల రిపుమర్దన మహారాజు వెళ్ళి, ఆ గజ్జికుక్క ముందు రెండు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "తప్పైపోయింది" అన్నాడు. తర్వాత ఏం చెయ్యాలో తెలియక, గడ్డానికి అంటుకున్న పెరుగు మెతుకులు తీసి అరచేతిలో పెట్టాడు. కుక్క వాసన చూసింది. నాకింది. ఇంకా ఉన్నాయేమోనని గడ్డం కూడా నాకింది. అప్పుడు లేచి నిలబడింది.

డోలు లేకపోయినా మొండిచెవికి ముక్కు ఉంది. పన్నెండేళ్ళ తాలింపు వాసన ఏ లోకం నుంచైనా పట్టగలదు. బూడిద చిమ్ముకుంటూ, ఆవులించే గడ్డిని తొక్కుకుంటూ, వేలాడే కొండల కిందుగా బాణంలా దూసుకుపోయింది. వెనక బక్కకుక్క మీద మహారాజు దాని చెవులు పట్టుకుని కేకలు పెడుతున్నాడు. పొగమంచు చీలింది. చాప కనబడింది. ఎడమకాలి బొటనవేలు కనబడింది.

"నేను దూరితే తమరెక్కడికి వెళ్తారు?" అన్నాడు గంగులు. "తమరి శరీరంలో వాడున్నాడే!"

"జరుగు" అన్నాడు మహారాజు. ఇద్దరూ ఒకేసారి ఆ బొటనవేలిలోకి దూరారు.

బురుజు గదిలో గంగులు శరీరం ఎగిరిపడింది. కుడికన్ను ముందు తెరుచుకుంది. ఎడమకన్ను రాజసంగా, నెమ్మదిగా తెరుచుకుంది. తలుపు మీద గొడ్డలి దెబ్బలు పడుతున్నాయి. మూలన జాకెమ్మ, తలుపు సందులోంచి దూసుకొచ్చిన ఈటెకు చీలిపోయిన డోలును ఒళ్ళో పెట్టుకుని బూతులు తిడుతోంది. మదయంతి కత్తితో తలుపుకు అడ్డంగా నిలబడి ఉంది.

"ఏం చెప్పాడు మహారాజు?" అంది రాణి, తల తిప్పకుండానే.

"కూర అద్భుతమన్నారమ్మగారూ" అంది గంగులు నోరు. వెంటనే అదే నోరు, వేరే గొంతుతో, "మదయంతీ, ఆ కత్తి అలా పట్టుకుంటారా ఎవరైనా?" అంది.

రాణి గిరుక్కున తిరిగింది. జాకెమ్మ తిట్లు ఆపి, "ఓలమ్మో, ఇద్దరూ ఒకే ఇంట్లో దూరీసినారు!" అంది.

"పెళ్ళి పీటల మీద నా మొగుడు నా చెవిలో ఏమన్నాడు?" అని రాణి కత్తిమొన గంగులు గొంతుకు ఆనించింది.

గంగులు కుడికన్ను బెదిరిపోయింది. ఎడమకన్ను సిగ్గుపడింది. "ఆకలేస్తోంది అన్నాను" అంది రాజు గొంతు.

రాణి కత్తి దించింది. నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో తెలియకుండా ఒక్క క్షణం ఆ ముఖంలోకి చూసింది. "ఏ పక్క మీరు?"

ఎడమచెయ్యి పైకి లేచింది. రాణి ఆ చెయ్యి పట్టుకుంది. కుడిచెయ్యి మర్యాదగా వీపు వెనక దాక్కుంది.

తలుపు పగిలింది. చీలిన చెక్కల మధ్య సేనాపతి తల, దాని పైన ఇంకో తల. అది రాజుగారి తలే. నూనె కారుతున్న గడ్డం, ముక్కులోంచి నీలం పొగ. "ముగ్గుర్నీ నరకండి!" అంది.

ఉన్నది ఒక్కటే కిటికీ. కింద తాటిచెట్టు లోతున కందకం. జాకెమ్మ చీర కుచ్చెళ్ళు దోపుకుని ముందు దూకేసింది. రాణి గంగులు ఎడమచెయ్యి వదలకుండా కిటికీ ఎక్కి గాలిలోకి లంఘించింది. గంగులు శరీరం ఆమె వెంట గుడ్డమూటలా ఎగిరింది. నెత్తి మీదుగా ఈటెలు వెళ్తున్నాయి. మొసళ్ళు తిరిగే పచ్చటి నీళ్ళు పైకి దూసుకొస్తున్నాయి.

"ప్రభూ! నాకు ఈత రాదు!" అని అరిచాడు గంగులు.

"నాకు వచ్చు" అన్నాడు మహారాజు, అదే నోటితో. "కానీ ఈ ఎడమచెయ్యి ఒక్కటే కదరా నాది!"